టోరస్‌లో ప్యాకెట్లు ఆగిపోతున్నాయా? రింగ్ చూడండి

ప్రాసెసర్లను కలిపే నెట్‌వర్క్‌ను అనుకరించే మీ సిమ్యులేటర్, 8×8 మెష్‌లో (నోడ్లను గళ్లలా పక్కపక్కవాటితో కలిపిన అమరిక) బాగానే నడిచి, టోరస్‌గా (వరుసల చివరలు కూడా కలిపిన మెష్) మార్చాక లోడ్ పెంచగానే మొత్తం ఆగిపోతోందన్నారు కదండీ. బఫర్లు (ప్యాకెట్లు వేచి ఉండే చోట్లు) పెంచితే ఆగడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ముందు ఎక్స్ (అడ్డంగా), తర్వాత వై (నిలువుగా) అనే రూటింగ్ మెష్‌లో డెడ్‌లాక్ (ఒకదాని కోసం ఒకటి ఆగి ఏదీ కదలని స్థితి) రానివ్వదు. టోరస్‌లో మాత్రం చివరి నోడ్ మళ్లీ మొదటిదానికి కలుస్తుంది కాబట్టి ప్రతి వరుసా ఒక రింగే. 0 నుంచి 7 వరకు నోడ్లున్న ఒకే వరుసలో 0 నుంచి 3కి, 2 నుంచి 5కి, 4 నుంచి 7కి, 6 నుంచి 1కి నాలుగు పొడవాటి ప్యాకెట్లు ఒకేసారి బయలుదేరాయనుకోండి. ఒక్కొక్కటీ రెండేసి లింకులు పట్టుకుని, మూడోదాని కోసం ముందున్నదాని వెనక నిలబడుతుంది. ఇక ఏదీ కదలదు.

దీనికి మందు 1987లోనే పరిశోధకులు డాలీ, సైట్జ్ చెప్పారు: వర్చువల్ ఛానెళ్లు, అంటే ఒకే లింకును విడివిడి బఫర్లతో పంచుకునే దారులు. ప్రతి లింకుకూ రెండు పెట్టండి. ప్యాకెట్ 0వ ఛానెల్లో మొదలై, 7 నుంచి 0కి వెళ్లే లింకు దాటగానే 1వ దానికి మారాలి. వై వైపు తిరిగినప్పుడు మళ్లీ 0తో మొదలు. ఎదురు దిశలో 0 నుంచి 7కి వెళ్లే లింకు దగ్గరా ఇదే పద్ధతి. రెండు ఛానెళ్లకూ బఫర్లు, క్రెడిట్ కౌంటర్లు (అవతలి బఫర్లో ఎంత ఖాళీ ఉందో లెక్కపెట్టేవి) విడివిడిగా ఉండాలి. కౌంటర్ ఉమ్మడిగా పెడితే కథ మళ్లీ మొదటికే.