సైన్స్ సందేహాలు: చీకట్లో పొడవెక్కిన పెసర మొలకలు

ప్రశ్న: కప్పుల్లో తడి దూది మీద పది పెసర గింజలు కిటికీ దగ్గర, పది గింజలు బీరువాలో పెట్టాను. వారం తిరిగేసరికి బీరువాలోవే బాగా పొడవుగా ఉన్నాయి. వెలుతురు లేకపోతేనే మొక్క బాగా పెరుగుతుందని రాస్తే మా సారు కొట్టేశారు. స్కేలుతో కొలిచే కదా రాశాను!
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, నంద్యాల

జవాబు: మీ కొలత తప్పు కాదు. పొడవునే పెరుగుదల అనుకోవడంలో ఉంది చిక్కు. మట్టిలో ఉన్న మొలక వెలుతురు తగిలేదాకా కాడను సాగదీస్తూనే ఉంటుంది. అప్పటిదాకా ఆకులు విప్పదు, పత్రహరితం తయారు చేయదు. మీ బీరువాలో జరిగిందీ అదే. ఒకసారి పరిశీలించండి: కాడ సన్నగా, పాలిపోయి ఉంటుంది, ఆకులు చిన్నగా, పసుపు రంగులో ముడుచుకుని ఉంటాయి. ఆ సాగుడుకు కావలసిన సరుకంతా బీజదళాల్లో (గింజలోని పప్పు బద్దల్లో) దాచుకున్నదే. శ్వాసక్రియలో అది కరిగిపోతూ ఉంటుంది కనుక, పూర్తిగా ఎండబెట్టి తూస్తే చీకటి మొలక మొదటి ఎండు గింజ కన్నా తేలిగ్గా వస్తుంది. వెలుతురులోది కూడా మొదట కొంత తగ్గుతుంది గానీ, ఆకులు పచ్చబడ్డాక పుంజుకుంటుంది. అందుకే పొడవుతో పాటు ఎండు బరువు కూడా రాయాలి. వరసగా రెండుసార్లు తూచినా బరువు మారకుండా ఉండేదాకా ఎండబెట్టండి. పది పెసలు కలిపినా దాదాపు అర గ్రామే, కాబట్టి ఇంటి కాటా పనికిరాదు. 0.01 గ్రాము చూపే ల్యాబ్ కాటా కావాలి.

ఇక రెండో లోపం. కిటికీకీ బీరువాకీ తేడా ఒక్క వెలుతురే కాదు. వేడి వేరు, గాలి వేరు, దూది ఆరే వేగం వేరు. ఫలితం దేనివల్ల వచ్చిందో ఎలా తేల్చి చెబుతారు? కప్పులన్నీ ఎండ నేరుగా పడని ఒకే బల్ల మీద పెట్టండి. సగం కప్పుల మీద అట్టపెట్టె బోర్లించండి. మిగతా వాటి మీద అదే కొలత పెట్టెను, పక్కలు కోసి వెలుతురు దూరే పల్చటి ప్లాస్టిక్ అంటించి బోర్లించండి. ఈ రెండోదే మీ కంట్రోల్, అంటే పోల్చి చూడటానికి పెట్టుకునేది. నీళ్లు పోయడానికి చీకటి పెట్టెను పగలు ఎత్తకండి. కొద్ది నిమిషాల వెలుతురు తగిలినా మొలక తీరు మారిపోతుంది. రాత్రి లైటు ఆర్పి పోయండి.

ఒకే కప్పులో పది గింజలు వేస్తే పది ప్రయోగాలు చేసినట్టు కాదు. ఆ కప్పులో నీళ్లు ఎక్కువైతే పదీ కలిసే కుళ్లుతాయి. వెలుతురుకు మూడు కప్పులు, చీకటికి మూడు కప్పులు పెట్టండి. 8 గంటలు నానబెట్టిన గింజల్ని బాగా కలిపి, కప్పుకు పదేసి వేసి, ఏ కప్పు ఎటు వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించండి. బలమైన గింజలన్నీ తెలియకుండానే ఒకవైపు చేరడం మామూలే. దూది తడిగా ఉంటే చాలు. అడుగున నీరు నిలిస్తే గింజకు గాలి ఆడక పుల్లటి వాసన కొడుతుంది.

ప్రశ్న: బంగాళదుంప ముక్కలతో ద్రవాభిసరణ (కణాల పొర గుండా నీరు లోపలికీ బయటికీ వెళ్లడం) ప్రయోగం చేస్తుంటే, ఒకే ఉప్పు నీళ్లలో వేసినా ఒక్కో ముక్కకు ఒక్కో ఫలితం వస్తోంది. ఎందుకు?
– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఎక్కువసార్లు తప్పు తుడవడంలో ఉంటుంది. ముక్కకు అంటిన నీటిని ఒకరు అద్ది తీస్తారు, ఇంకొకరు గట్టిగా పిండుతారు. కాగితం మీద ప్రతి వైపూ ఒక్కసారి దొర్లించి తూచండి, అన్నిటికీ అదే పద్ధతి. ముక్కలన్నీ ఒకే దుంపవి కావాలి, తొక్క ఉండకూడదు, 1 సెం.మీ. మందం, 5 సెం.మీ. పొడవు ఉంటే సరిపోతుంది. అలాంటి ముక్క సుమారు 5 గ్రాములు తూగుతుంది. గ్రాము గ్రాముకే అంకె మారే వంటింటి కాటాలో 20 శాతం మార్పు కూడా సరిగ్గా పట్టుబడదు!

ఉప్పును 0, 0.5, 1, 2, 3 గ్రాముల చొప్పున తీసుకుని, ఒక్కోదాన్ని 100 మి.లీ. నీటిలో కరిగించండి. ఒక్కో ద్రావణంలో మూడు ముక్కలు, గంటన్నర. వచ్చిన తేడాను మొదటి బరువుతో భాగించి శాతంగా రాయండి, లేకుంటే పెద్ద ముక్కకూ చిన్న ముక్కకూ పోలిక కుదరదు. ఉప్పు శాతానికి బరువు మార్పు ఎంతో గ్రాఫు గీస్తే, గీత సున్నా మార్పును దాటే చోటు తరచుగా 1 శాతం ఉప్పుకు అటూ ఇటూగా వస్తుంది. అక్కడ దుంప కణాల్లోకి వచ్చే నీరు, బయటికి పోయే నీరు సమానం.

ప్రశ్న: పిండిపదార్థం పరీక్షకు ముందు పచ్చరంగు పోయేలా ఆకును స్పిరిట్‌లో నేరుగా మంట మీద ఉడికించవచ్చా?
– టీచర్, శ్రీకాకుళం

జవాబు: వద్దు. స్పిరిట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. నీళ్లు మరిగించి, మంట పూర్తిగా ఆర్పేశాకే స్పిరిట్ సీసా మూత తీయండి. ఆకు ఉన్న స్పిరిట్ గొట్టాన్ని ఆ వేడి నీళ్లలో నిలబెట్టండి. స్పిరిట్ దాదాపు 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఆ వేడి చాలు. రంగు పోయిన ఆకు పెళుసుగా ఉంటుంది, అయోడిన్ వేసే ముందు గోరువెచ్చటి నీటిలో ముంచితే విరగకుండా పరుచుకుంటుంది.