రసాయన ప్రమాదాల శిక్షణ గ్రాంటు విద్యార్థి చేతికి వస్తుందా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. ప్రమాదకర రసాయనాల అత్యవసర శిక్షణకు ప్రభుత్వ గ్రాంటు ఉందని, ముప్పై వేలు కడితే అది ఇప్పించి డిప్లొమా కూడా చేయిస్తామని ఒక సంస్థవారు అంటున్నారు. వారు చూపిన కాగితంలో అమెరికా పథకం ప్రస్తావన కూడా ఉంది. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దండి. ఇటువంటి గ్రాంటు విద్యార్థి పేరిట మంజూరయ్యేది కాదు. అమెరికాలో ప్రమాదకర సరుకును పంపేవారి నుంచి, రవాణా చేసేవారి నుంచి రిజిస్ట్రేషన్ రుసుము వసూలు చేసి, ఆ సొమ్మును అత్యవసర ప్రణాళికలకు, సిబ్బంది శిక్షణకు అక్కడి రాష్ట్రాలకు ఇస్తారు. మన దేశంలో 15వ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు, అగ్నిమాపక శాఖల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రారంభించింది; మనవంటి రాష్ట్రాలు తమ వంతు 25 శాతం కలుపుకోవాలి. ఆ డబ్బు శాఖకే చేరుతుంది కనుక, దాని ఫలం అందుకోవాలంటే మీ అబ్బాయి ముందు ఆ శాఖలో ఉద్యోగి కావాలి. అప్పుడు శిక్షణకు ఫీజు కట్టే పని ఉండదు సరికదా, జీతం కూడా వస్తుంది.

కెమిస్ట్రీ చదువు ఇక్కడ వృథా పోదు. మన తీరంలోని రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో, ఐస్ ఫ్యాక్టరీలలో చల్లదనానికి వాడేది ఎక్కువగా అమ్మోనియానే. జాతీయ రహదారి మీద వెళ్లే ట్యాంకరు పలకపై 1005 అని ఉంటే లోపల ఉన్నది అదే. 1075 అయితే ఎల్పీజీ. అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి, లీకైన ఆవిరిని నీటి తుంపరల తెరతో అణచవచ్చు. అదే నీటిని నేల మీద మడుగు కట్టిన ద్రవ అమ్మోనియాపై పోస్తే అది మరింత ఉధృతంగా ఆవిరై పైకి లేస్తుంది. ఈ తేడా తెలిసినవాడే ఆ చోట పనికొస్తాడు.

ఇక దారుల విషయానికి వస్తే, నా ఓటు అగ్నిమాపక శాఖకే. స్టేషన్ ఫైర్ ఆఫీసరు నియామకాలను గతంలో రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి చేపట్టింది కనుక ఆ ప్రకటనలను గమనిస్తూ, దేహదారుఢ్య పరీక్షకు ఇప్పటినుంచే సిద్ధం కావాలి. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల కోర్సులనూ చూడండి. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) లోకి మాత్రం నేరుగా తీసుకోరు. కేంద్ర సాయుధ బలగాల నుంచి డిప్యుటేషన్ మీదే వెళ్లాలి.

కర్మాగారాలలో సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం మరో దారి. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనల ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా సంక్షోభ బృందం, కర్మాగారాల వెలుపలి అత్యవసర ప్రణాళిక తయారీకి తోడ్పడాలి కనుక, ఆ ప్రణాళిక సంగతులు తెలిసిన మనిషి యాజమాన్యాలకు అవసరం. అయితే సైన్సు డిగ్రీవారికి కర్మాగారంలో కొన్నేళ్ల అనుభవం, దానితోపాటు రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా అడుగుతారు. తమ డిప్లొమాకు ఆ గుర్తింపు ఇచ్చిన ఉత్తర్వు నకలు చూపమని ఆ సంస్థవారిని అడగండి; తెచ్చి ఇస్తే, దానిని కర్మాగారాల శాఖ కార్యాలయంలో చూపించి నిజానిజాలు తేల్చుకోండి.