పెట్టెలు డిక్కీలో ఎందుకు దాక్కున్నాయి?

ప్రశ్న: నా వయసు 38. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం. భార్య, ఏడేళ్ళ పాప. నాలుగేళ్ళ క్రితం ఆఫీసు మిత్రుడొకరు నన్ను ఇక్కడి వార్‌గేమ్ క్లబ్బుకు తీసుకెళ్ళాడు. బల్ల మీద చిన్న సైనిక బొమ్మలను నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలుస్తూ పాతకాలపు యుద్ధాలు ఆడతాం. ఇన్నాళ్ళూ ‘సాగా’ అనే ఆట ఆడుతున్నాను. నాది వైకింగ్ దండు. మొన్నటి శీతాకాలంలో మా బృందంలోని ముగ్గురు, 18వ శతాబ్దంలో ఐరోపా దేశాల మధ్య జరిగిన ఏడేళ్ళ యుద్ధం ఆడదామని మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి ఆరు కాల్బలపు బెటాలియన్లు, రెండు అశ్వదళాలు, రెండు ఫిరంగులు. ‘ఆస్ట్రియా నీదే’ అని నాకు అప్పగించారు. ‘చూద్దాం’ అన్నాను. మరుసటి వారం నుంచే ఎన్ని బెటాలియన్లు అయ్యాయని అడగసాగారు. ఇప్పటికి 240 పౌండ్ల బొమ్మలు కొన్నాను. ఆఖరి రెండు పెట్టెలు పోయిన వారమే వచ్చాయి. ఒక్క బొమ్మకూ రంగు వేయలేదు. పాత దండులోనే సగం మిగిలి ఉంది. ఇంట్లో ఏమంటుందోనని పెట్టెలన్నీ కారు డిక్కీలో ఉంచాను. మొన్న కూరగాయల సంచులు పెడుతూ నా భార్య చూసింది. స్నేహితుడివని చెప్పాను. నమ్మలేదని తెలుస్తూనే ఉంది, కానీ ఏమీ అనలేదు. ఆమెకు ఇక్కడ పెద్దగా స్నేహితులు లేరు. నా గురువారం సాయంత్రాలంటే ముందునుంచీ కొంచెం కినుక. క్లబ్బు మానేయాలా? మానేస్తే ఈ ఊళ్ళో నాకున్న నలుగురు స్నేహితులూ పోతారు.

– పేరు వద్దు, నాటింగ్‌హామ్

జవాబు: క్లబ్బు మానవద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తప్పు చేసిన పిల్లవాడు అమ్మ అడగకముందే గోడకుర్చీ వేసినట్టు, మీకు మీరే శిక్ష వేసుకుని దాని మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. గురువారం సాయంత్రం ఇంట్లో కూర్చుని ఫోను చూసుకుంటూ నిట్టూర్చే భర్త వల్ల ఎవరికీ మేలు లేదు. ఆరు నెలలు తిరగకుండానే ‘నీ కోసమే మానేశాను’ అనే మాట మీ నాలుక చివరికి వస్తుంది. ఆవిడ మానమని అడగనే లేదు కదా!

మీ వ్యాపకం గురించి నాకు కొంత తెలుసు. మా తమ్ముడు లెస్టర్‌లో ఉంటాడు. వాడింట్లో పై గదిలో అడుగు పెట్టాలంటే నెపోలియన్ సైన్యం పక్కకు జరగాలి. అందుకని ఈ వయసులో బొమ్మలాట ఏమిటని నేను అడగను. ఏటా సంక్రాంతికి మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని. కొండపల్లి ఏనుగుకు తొండం విరిగితే పండగంతా దిగులుగా తిరిగిన మేనత్త నాకుంది. పైగా మీరుండే ఊరు మామూలు ఊరు కాదు. గేమ్స్ వర్క్‌షాప్, వార్లార్డ్ గేమ్స్, పెర్రీ సోదరులు, ఇలా ఈ బొమ్మల లోకంలో పేరున్న వాళ్ళు ఎంతోమంది ఆ చుట్టుపక్కలే ఉన్నారు. బొమ్మలను సీసంతో పోతపోసిన రోజులను తలుచుకుని ఆటగాళ్ళు ఆ ప్రాంతాన్ని ‘లెడ్ బెల్ట్’ అని ముద్దుగా పిలుస్తారట. తాపేశ్వరంలో కాజా కొట్టు మేడ మీద కాపురముంటూ నాలుక కట్టేసుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు.

అసలు చిక్కు ‘చూద్దాం’ దగ్గర మొదలైంది. మన ఇళ్ళలో పిలుపుకు వచ్చిన బంధువుతో ‘చూద్దాం అండీ’ అంటే, రావడం లేదని ఆయనకు అక్కడికక్కడే అర్థమైపోతుంది. పట్టుబట్టడం మర్యాద కోసమే. మీ మిత్రులకు ఆ సంగతి తెలియదు. వాళ్ళ చెవికి మీ మాట ముప్పాతిక వంతు ‘సరే’ అన్నట్టు వినిపించింది. రెండో వారం వాళ్ళు అడిగినప్పుడు మీరు మళ్ళీ నవ్వి ఊరుకుని ఉంటారు. ఆ నవ్వుతో మిగిలిన పావు వంతు కూడా పూర్తయింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత కాస్త మోటుగానే చెబుతుంది. ఇక్కడ రాయను, మీకు తెలిసే ఉంటుంది.

వాళ్ళు మీ మీద కక్షతో చేసిందేమీ లేదు. చరిత్ర ఆటకు ఒక ఇబ్బంది ఉంది. అందరూ ఒకే పక్షం తీసుకుంటే యుద్ధమే ఉండదు. మీ బృందంలో ఎవరెవరు ఏ దేశం తీసుకున్నారో మీరు రాయలేదు కానీ నేను ఊహించగలను. ఇద్దరో ముగ్గురో ఆస్ట్రియాకు శత్రువైన జర్మన్ రాజ్యం ప్రష్యాను తీసుకుని ఉంటారు. ఫ్రెడరిక్ రాజు, రాస్‌బాక్, ల్యూథెన్ విజయాలు, నీలం కోట్లు, ఆ మోజు అంతా అటువైపే ఉంటుంది. ఎదురుగా నిలబడి వాళ్ళ చేత ఓడిపోవడానికి ఒకరు కావాలి. ఆ పని ఆఖరున వచ్చిన మెతక మనిషికి పడుతుంది. (అయితే 1757 జూన్ 18న కోలిన్ దగ్గర ఆస్ట్రియా సేనాని డౌన్ అదే ఫ్రెడరిక్‌ను ఓడించి పంపాడు. ఈ సంగతి గురువారం పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.) అంటే వాళ్ళకు కావలసింది మీ 240 పౌండ్లు కాదు, బల్లకు అవతలి పక్క ఒక మనిషి. మీకు కావలసిందీ ఆ బల్ల దగ్గర చోటే. రెండూ ఒకటే అయినప్పుడు మధ్యలో ఇన్ని పెట్టెలు ఎందుకు వచ్చాయి?

ఒక లెక్క వేద్దాం. సాగాలో ముప్పై నలభై బొమ్మలుంటే దండు సిద్ధం. ఒక చలికాలంలో కుదిరే పని. ఇప్పుడు మీకు అప్పగించినది చూడండి. బెటాలియన్‌కు 24 చొప్పున ఆరింటికి 144. అశ్వదళానికి 12 చొప్పున 24 మంది రౌతులు. ఫిరంగుల దగ్గర ఎనిమిది మంది. మొత్తం 176. గుర్రానికి వేరే రంగులు కాబట్టి రౌతును రెండుగా లెక్కిస్తే 200. జాగ్రత్తగా వేస్తే బొమ్మకు గంట పడుతుందని మా తమ్ముడి అనుభవం. వారానికి నాలుగు గంటలు దొరికితే యాభై వారాలు, అంటే ఏడాది. ఏడేళ్ళ పాప ఉన్న ఇంట్లో వారానికి నాలుగు గంటలు ఎవరి వాటాలోంచి వస్తాయి? మీరు డబ్బు గురించే భయపడుతున్నారు. మీ ఆవిడ కినుక గురువారాల మీద అని మీరే రాశారు. ఈ ఆటలో 240 పౌండ్లు చిన్న ఖర్చు, 200 గంటలు పెద్ద ఖర్చు.

కాబట్టి మిత్రులకు ఒక స్పష్టమైన మాట చెప్పండి. ‘నేను ఆడతాను, కానీ సైన్యం మొత్తం నా ఒక్కడి వల్ల కాదు. ఈ ఏడాది రెండు బెటాలియన్లు వేస్తాను, మిగతావి ఎవరైనా పంచుకోండి’ అనండి. నలుగురూ తలా కొంచెం రంగులు వేసి, క్లబ్బు బల్ల మీద ఒక్క సైన్యంగా నిలబెట్టడం ఈ ఆటల్లో ఉన్న పద్ధతే. అసలు మీకు ఆ నియమాలు నచ్చుతాయో లేదో కూడా ఇంకా తెలియదు కదా. ముందు అట్టముక్కలు కత్తిరించి, వాటి మీద రెజిమెంట్ల పేర్లు రాసి రెండు ఆటలు ఆడమని అడగండి. బొమ్మలు తర్వాత. ముప్పై మంది వైకింగులను తరుముకుంటూ పోయే ఆటలో సరదా వేరు, బారులు తీరిన పటాలాలను గంటసేపు మెల్లగా జరిపే ఆటలో సరదా వేరు. మొదటిది నచ్చినవాళ్ళకు రెండోది నచ్చి తీరాలని ఏమీ లేదు. ఎవరైనా ఎగతాళి చేస్తే చేయనివ్వండి. బల్ల చుట్టూ ఉన్న వాళ్ళలో ఇంట్లో అటక నిండా రంగు వేయని పెట్టెలు లేని మనిషి ఒక్కడు కూడా ఉండడు. అడిగి చూడండి, వాళ్ళే నవ్వుతూ ఒప్పుకుంటారు.

ఇదంతా గురువారం మాట. అంతకంటే ముందు ఇంట్లో ఒక సంభాషణ జరగాలి.

క్లబ్బులో ‘కాదు’ అనలేకపోయారు, ఇంట్లో ‘అవును’ అనలేకపోయారు. నా దృష్టిలో రెండోదే బరువు. పాప నిద్రపోయాక ఆ పెట్టెలన్నీ లోపలికి తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టండి. ‘ఇవి నావే. స్నేహితుడివని అబద్ధం చెప్పాను. ఇంత ఖర్చు పెట్టాను’ అని మొత్తం ఒకేసారి చెప్పండి. రంగులు, కుంచెలు, జిగురు, అడుగున అతికించే చెక్కబిళ్ళలు కూడా కలిపి చెప్పండి. ఆడవాళ్ళకు కోపం తెప్పించేది మొదటి అంకె కాదు, నెల తర్వాత బయటపడే రెండో అంకె. ‘నా డబ్బే కదా’, ‘తాగుడు లేదు, జూదం లేదు’ లాంటి మాటలు నోట రానివ్వకండి. తాగనందుకు పతకం ఇచ్చే ఆచారం ఏ ఇంట్లోనూ లేదు. ఆవిడ కోప్పడితే కోప్పడనివ్వండి. ఇన్నాళ్ళ మౌనం కంటే అది నయం. డిక్కీ మూసి ఏమీ అనకుండా లోపలికి వచ్చిందంటే, అడిగితే ఇంకో అబద్ధం వినవలసి వస్తుందని ఆమెకు అనిపించి ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం బొమ్మల గురించి కాదు. ‘ఆమెకు ఇక్కడ పెద్దగా స్నేహితులు లేరు’ అని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. నలుగురు స్నేహితులు పోతారేమోనన్న భయం మీ చేత వందల పౌండ్లు ఖర్చు పెట్టించింది. ఆ నలుగురు కూడా లేని మనిషి మీ పక్క గదిలో ఉంది. ప్రతి గురువారం మీరు తాళం చెవులు తీసుకున్నప్పుడు ఆమె పాపకు స్నానం చేయించి, అన్నం పెట్టి, టీవీ ముందు కూర్చుంటుంది. ఆ కినుకకు మందు మీరు ఇంట్లో ఉండిపోవడం కాదు, వారంలో ఆమెకూ అలాంటి సాయంత్రం ఒకటి ఉండడం. పాట నేర్చుకుంటుందో, ఈతకు వెళ్తుందో, ఏమీ చేయకుండా ఒక్కతే వెళ్ళి కాఫీ తాగి వస్తుందో, అది ఆమె ఇష్టం. అక్కడి తెలుగువాళ్ళ సంఘానికి వెళ్ళమని మీరు పురమాయించకండి. మనవాళ్ళు కదా అని అందరికీ అందరూ స్నేహితులైపోరు. మీరు చేయవలసిందల్లా ఆ రోజు ఆరింటికల్లా ఇంటికి చేరి వంట, పాప సంగతి చూసుకోవడం. సాయం చేస్తున్నట్టు కాదు, మీ వంతు వచ్చినట్టు. నెలకు ఇద్దరికీ సమానంగా చేతిఖర్చు పెట్టుకుని, దాని లెక్క ఒకరినొకరు అడగకూడదని అనుకుంటే డిక్కీ అవసరం కూడా పోతుంది.

ఇక పెట్టెల సంగతి. బ్రిటన్‌లో దుకాణం నుంచి ఇంటర్నెట్‌లో తెప్పించుకున్న వస్తువును, చేతికి అందిన 14 రోజుల్లోపు, కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. పోయిన వారం వచ్చిన రెండు పెట్టెలూ ఈ గడువులో ఉండే ఉంటాయి. తారీఖు చూసుకుని ఈ రోజే వాళ్ళకు రాయండి. పాతవాటిలో రెండు బెటాలియన్లకు సరిపడా ఉంచుకుని, మిగిలినవి తెరవకుండా క్లబ్బులో ఎవరికైనా అమ్మేయండి. సీలు తీయని పెట్టెకు కొనేవాడు దొరుకుతాడు. చట్రం నుంచి సగం కత్తిరించి పడేసిన బొమ్మలను అంత తేలిగ్గా ఎవరూ కొనరు.

ఒక మాట చెప్పాలో వద్దో తెలియక ఇక్కడిదాకా ఆపుకున్నాను. మీరు ఆడబోయే ఆ ఏడేళ్ళ యుద్ధం మన గోదావరి గడ్డకూ వచ్చింది. 1758 డిసెంబరులో పిఠాపురం దాపులోని చందుర్తి దగ్గర, విజయనగరం ఆనంద గజపతి రాజు తోడుగా ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఐరోపా యుద్ధాలతో పోలిస్తే చిన్న సేనలు, కొద్ది పటాలాలు. మీ మిత్రుల్లో ఒక్కరూ ఈ పేరు విని ఉండరు. వాళ్ళు తెచ్చిన యుద్ధంలోకే మీరు వెళ్ళనక్కర్లేదు, ఎప్పుడో ఒకనాడు మన గడ్డ మీది యుద్ధంలోకి వాళ్ళను పిలవవచ్చు. ఇలా చెప్పి నేను కూడా మీ క్లబ్బు మిత్రుల జాబితాలో చేరిపోతున్నానని తెలుసు. దయచేసి దీనికోసం ఇప్పుడే ఏమీ కొనకండి. అట్టముక్కలతో ఆడండి.

మీ ఉత్తరం సంగతి, పేరూ ఊరూ లేకుండా, మా తమ్ముడికి చెబితే ఒక్క కబురు పంపాడు. ఆస్ట్రియావాళ్ళ తెల్ల కోట్లకు నేరుగా తెలుపు వేయవద్దట. ముందు లేత బూడిద రంగు పూసి, ఆరాక మడతలు ఎత్తుగా ఉన్న చోట మాత్రమే తెలుపు తాకించాలట. లేకపోతే 48 మందికీ సున్నం కొట్టినట్టుంటుందని వాడి బాధ.