గొట్టం తీసిన తరువాత పిల్లి సంరక్షణ

ప్రశ్న: మా మగపిల్లికి మూత్రం బంధించడంతో వైద్యులు గొట్టం వేసి, నిన్న తీసి ఇంటికి పంపారు. దానికి ఇష్టమైన ఎండుచేపలు పెట్టవచ్చునా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఎండుచేపలు వద్దు, వైద్యులు సూచించిన ఆహారాన్నే నీళ్ళు కలిపి మెత్తగా పెట్టండి, తాగే నీటిని రెండు మూడు చోట్ల ఉంచండి. మగపిల్లుల మూత్రనాళం సన్నగా ఉండడం వల్ల, గొట్టం తీసిన తొలి రోజుల్లో మళ్ళీ అడ్డుపడే ప్రమాదం ఎక్కువ కనుక, అది మూత్రం పోసే ఇసుక ఎంత తడుస్తున్నదో రోజూ గమనించండి. నొప్పికని పారాసిటమాల్ ఎన్నడూ వేయవద్దు, అది పిల్లులకు విషం. పిల్లి పదేపదే ముక్కుతూ ఉంటే మలబద్ధకమని పొరబడేవారే ఎక్కువ. చుక్క మూత్రమైనా రాకపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చును కనుక, తెల్లవారేదాకా ఆగక, విజయనగరం వెళ్ళవలసి వచ్చినా సరే, వెంటనే పశువైద్యునికి చూపించండి.