స్టీల్‌హెడ్ రోజుకి ఎన్ని మైళ్ళు ఎదురీదుతుంది?

స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్ళి పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్ చేప. మీరు అడిగింది ఇదీ: ఆగస్టులో కొలంబియా నది మీద బోనవిల్ డ్యామ్ దగ్గర స్టీల్‌హెడ్ కౌంట్, అంటే డ్యామ్ దాటిన చేపల లెక్క, బాగా పెరిగింది, అవి ఐడహోలో లూయిస్టన్ దగ్గర క్లియర్‌వాటర్ నదిలోకి ఎన్ని రోజుల్లో వస్తాయి, ఆఫీసులో సెలవు ఎప్పటికి పెట్టాలి? సెలవు సంగతి ముందు చెప్పేస్తాను. ఆ కౌంట్ చూసి సెప్టెంబరు మొదటి వారానికి పెట్టకండి. నేను పోర్ట్‌లాండ్ వైపు ఉంటాను. ఈ చేప పిచ్చి పట్టి చాలా ఏళ్ళయింది, డ్యామ్ కౌంట్లు చూడటం మా ఇంట్లో క్రికెట్ స్కోరు చూడటంతో సమానం.

నిజంగా కదులుతున్న స్టీల్‌హెడ్ రోజుకి 10 నుంచి 20 మైళ్ళు పోతుంది. ఇంకా గట్టిగా పోయేవీ ఉంటాయి. బోనవిల్ నుంచి లూయిస్టన్‌కి ముందు వచ్చే ఆఖరి డ్యామ్, అంటే లోయర్ గ్రానైట్ దాకా కొలంబియా, తర్వాత దాని ఉపనది స్నేక్ వెంట సుమారు 285 మైళ్ళు. భాగిస్తే రెండు నుంచి నాలుగు వారాలు. అక్టోబరులో నీళ్ళు చల్లబడ్డాక బోనవిల్ దాటిన చేపకి ఈ లెక్క దాదాపు సరిపోతుంది. ఆగస్టు చేపకి సరిపోదు.

వేగం చాలక కాదు. అవసరమైతే సెకనుకి 26 అడుగుల దాకా దూసుకుపోగలదు, గంటకి దగ్గరదగ్గర 18 మైళ్ళు. అదంతా జలపాతం ఎక్కేటప్పుడు, గాలం నుంచి తప్పించుకునేటప్పుడు కొన్ని సెకన్ల పని. రోజుకి 20 మైళ్ళంటే గంటకి మైలు కూడా లేదు, మనం కూరగాయలు కొనుక్కుంటూ నడిచే నడక కన్నా తక్కువ. అందుకే ఎంత వేగంగా ఈదుతుందన్న దానికన్నా ఎక్కడ, ఎన్నాళ్ళు ఆగుతుందన్నదే అసలు లెక్క.

ఆగేది ముఖ్యంగా ఎండకి. ఆగస్టులో కొలంబియా నీళ్ళు 21, 22 డిగ్రీల సెల్సియస్‌కి వెళ్తాయి. ఈ చేపకి అది పడదు. బోనవిల్ దాటాక పక్కనుంచి చల్లటి ఉపనది తగిలితే అందులోకి తిరిగిపోతుంది. హర్మన్ క్రీక్, విండ్ రివర్, డ్రేనో లేక్, వైట్ సాల్మన్, డెషూట్స్ మొగ, ఇవన్నీ వాటికి ఏసీ గదులు. కొన్ని గంటలు ఉండి పోయేవీ ఉన్నాయి, నెలలు ఉండిపోయేవీ ఉన్నాయి. ఐడహో యూనివర్సిటీ వాళ్ళు చినూక్ సాల్మన్, స్టీల్‌హెడ్ కలిపి 12,000కి పైగా చేపలకి రేడియో ట్యాగులు పెట్టి చూశారు. చాలా చేపలు ఒక్కో డ్యామ్‌ని రెండు రోజుల లోపే దాటేశాయి. స్టీల్‌హెడ్ ప్రయాణం మాత్రం వేసవి వేడి ముదిరినప్పుడు బాగా మందగించి, చల్లబడగానే మళ్ళీ పుంజుకుంది. అంటే డ్యాములు కట్టిన చోట కన్నా కాగిన నీళ్ళ దగ్గరే ఎక్కువ రోజులు పోతున్నాయి. డ్యాముల వల్ల నష్టం లేదని కాదు. వాటి వెనక నిలిచిన నీళ్ళు ఇంకా వేడెక్కుతాయి కదా.

ఈ చల్లటి చోట్లలో కొన్నింటిలో వేసవిలో గాలం వేయడం నిషేధం. నా ఉద్దేశంలో అది మంచి పనే. ప్రాణం దక్కించుకోవడానికి వచ్చి గుంపుగా నిలబడ్డ చేప మీద పడటం ఏం వేట?

ఎప్పుడైనా ఇటు వస్తే బోనవిల్ విజిటర్ సెంటర్‌లో అడుగున గాజు కిటికీ ఉంటుంది, అక్కడ కాసేపు నిలబడండి. చేపలు డ్యామ్ దాటడానికి కట్టిన మెట్లు ఎక్కుతున్నవన్నీ అద్దం ముందు నుంచే పోవాలి. స్టీల్‌హెడ్ వచ్చి, తోక ఆడిస్తూ ఒకే చోట నిలబడుతుంది. వీపు నిండా నల్ల చుక్కలు, మొప్పల మీద లేత గులాబీ రంగు. ఇక పోతుందనుకుంటే తోక ముందుగా వెనక్కి జారి కనపడకుండా పోతుంది, మళ్ళీ వస్తుంది. డ్యామ్ దాటాక కూడా కొన్ని నీళ్ళు వదిలే స్పిల్‌వే మీదుగా కిందికి పడిపోయి మళ్ళీ మెట్లెక్కుతాయి, అలాంటిది కౌంట్‌లో రెండుసార్లు పడుతుంది. అందుకని ఒక్కరోజు అంకె చూసి సంబరపడొద్దు, వారం మొత్తం చూడాలి.

తొందర లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. మీ వైపు వచ్చేవి సమ్మర్ రన్ చేపలు. ఆగస్టులో నదిలోకి వచ్చినా గుడ్లు పెట్టేది మళ్ళీ వసంతంలో, మార్చి నుంచి మే మధ్య. మూడు వారాల దారికి చేతిలో ఎనిమిది నెలలు ఉన్నప్పుడు ఎవరు పరిగెత్తుతారు? మాది గోదావరి జిల్లా, పులస కథ దీనికి పూర్తిగా రివర్స్: ఎర్రనీళ్ళతో పాటు ఎక్కుతుంది, ధవళేశ్వరం దాకా మహా అయితే 60, 70 కిలోమీటర్లు, ఆ కొద్ది వారాల్లోనే అంతా అయిపోవాలి. స్టీల్‌హెడ్ అలా కాదు. చలికాలంలో నీళ్ళు 4, 5 డిగ్రీలకి దిగితే లోతు మడుగుల్లో అడుగుకి చేరి దాదాపు కదలడం మానేస్తుంది. కొన్ని స్నేక్ నది రిజర్వాయర్లలోనే చలికాలం గడిపేసి మార్చిలో మిగతా దూరం పోతాయి.

మా ఒరెగాన్ తీరంలో విల్సన్, ట్రాస్క్, నెహేలమ్ లాంటి చిన్న నదుల్లో వచ్చే వింటర్ రన్ చేప వేరు. ఇక్కడ వేగాన్ని నడిపేది వాన. వరద పొంగి నది కాఫీ రంగులో ఉన్నప్పుడు ఒడ్లు పట్టుకుని మెల్లగా పోతాయి లేదా ఆగిపోతాయి. నది మట్టం చూపే గేజ్ దిగడం మొదలై, నీళ్ళు పచ్చగా తేరుకుంటున్నప్పుడు ఒక్కసారిగా కదులుతాయి. చేప ఎంత తాజాదో ఒంటి మీద సముద్రపు పేలు చెప్తాయి. తోకకి ముందు, పొట్ట కింద గోధుమరంగు చుక్కల్లా అతుక్కుని ఉంటాయి. వాటి వెనక దారాల్లా వేలాడే గుడ్ల తీగలు మంచినీళ్ళలోకి రాగానే ముందు రాలిపోతాయి, మిగతావి కొద్ది రోజుల్లో రాలతాయి. తీగలు ఇంకా వేలాడుతున్న చేప ఒకటి నాకు విల్సన్‌లో పోటు తగిలే చోటికి పది మైళ్ళ ఎగువన పడింది. అంటే ఒకటి రెండు రోజుల్లోనే అంత దూరం వచ్చిందన్నమాట. వీపు మీద తోకకి ముందుండే చిన్న అడిపోజ్ రెక్క కత్తిరించి లేదు, అంటే హ్యాచరీలో పెంచింది కాదు, నదిలో పుట్టిందే; నీళ్ళలోంచి పైకెత్తకుండానే వదిలేశాను.

ఇక మీ సెలవు. బోనవిల్ కౌంట్‌ని ఈ ఏడాది చేప ఎంత ఉందో తెలుసుకోవడానికి వాడండి, తేదీ కోసం కాదు. తేదీ కావాలంటే దారిలో పైన వచ్చే డ్యాముల కౌంట్లు, ముందు మెక్‌నరీ, తర్వాత ఐస్ హార్బర్, చివరికి లోయర్ గ్రానైట్ చూడండి. అంకెలన్నీ ఫిష్ పాసేజ్ సెంటర్ సైట్‌లో రోజూ వస్తాయి. లోయర్ గ్రానైట్ నుంచి లూయిస్టన్ 30 మైళ్ళ చిల్లర, కదిలే చేపకి రెండు మూడు రోజులు. క్లియర్‌వాటర్‌లో పేరున్న పెద్ద బి-రన్ చేపలు, 78 సెంటీమీటర్లు దాటేవి, బోనవిల్‌నే ఎక్కువగా ఆగస్టు చివరి నుంచి దాటడం మొదలుపెడతాయి. కాబట్టి మీరు ఆగస్టు మధ్యలో చూసిన పెరుగుదలలో అవి చాలా తక్కువ.

ఆగస్టులోనే కొన్ని చేపలు లూయిస్టన్‌లో పడుతున్నాయని ఎవరైనా చెప్తే అదీ నిజమే. స్నేక్‌ని చల్లబరచడానికి క్లియర్‌వాటర్ ఉపనది మీదున్న డ్వార్షాక్ డ్యామ్ నుంచి వేసవిలో చల్లటి నీళ్ళు వదులుతారు, ముందొచ్చినవి ఆ చలవకి క్లియర్‌వాటర్ కింది భాగంలో చేరతాయి. దానికోసం వారం సెలవు దండగ. మీరు స్పోకేన్‌లోనే ఉన్నారు, లూయిస్టన్ రెండు గంటల దారి. లోయర్ గ్రానైట్ కౌంట్ ఎక్కడం మొదలయ్యాక ఏదో ఒక శనివారం పొద్దున్నే బయలుదేరి చూసి రండి. పెద్ద సెలవు మాత్రం అక్టోబరు రెండో సగానికి పెట్టుకోండి, పెట్టే ముందు ఐడహో ఫిష్ అండ్ గేమ్ వాళ్ళ ఆ ఏడాది రూల్స్ చూసుకోండి. కౌంట్‌ని బట్టి ఎన్ని చేపలు ఉంచుకోవచ్చన్న లిమిట్లు సీజన్ మధ్యలో కూడా మార్చేస్తారు.