నిద్రలో బోర్డు ఎంత కరెంటు తింటోంది?

మట్టిలో తేమ కొలిచే నోడ్‌ఎంసీయూ (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) 18650 లిథియం సెల్‌తో పది రోజులు కూడా నడవట్లేదు, మీటరు ఒకసారి 6, ఒకసారి 80 మిల్లీఆంప్స్ చూపిస్తోంది, ఏది నమ్మాలి అని అడిగారు. రెండూ నిజమే: బోర్డు నిద్రలో ఉన్నప్పుడు 6, లేచి పని చేసేటప్పుడు 80. ఏది ఎంతసేపు ఉంటుందన్నదే లెక్క.

నర్సంపేట దగ్గర మా మిరప చేన్లో నేనూ ఇదే తిప్పలు పడ్డాను. నా బోర్డు 15 నిమిషాలకోసారి లేచి, 5 సెకన్లలో రీడింగ్ పంపి పడుకునేది. 80 × 5 ÷ 900, అంటే సగటున 0.44 మిల్లీఆంప్స్. రోజుకు 11 మిల్లీఆంప్ అవర్స్ కూడా కాదు. నిద్రలో 6 చొప్పున మాత్రం రోజుకు 144! అన్నాళ్లూ ఊరికే వైఫైని తిట్టుకున్నాను.

నిద్ర కరెంటు కొలిచేటప్పుడు ఒక చిక్కుంది. మీటరును మైక్రోఆంప్స్‌కు తిప్పితే లోపల పెద్ద రెసిస్టర్ అడ్డం వస్తుంది. హన్మకొండ చౌరస్తాలో కొన్న నా డీటీ830లో 2000 మైక్రోఆంప్ రేంజికి అది దాదాపు 100 ఓమ్స్. బోర్డు లేచి 80 మిల్లీఆంప్స్ లాగబోతే వోల్టేజీ అంతా అక్కడే పోయి, బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది. రెండు రోజులు నా కోడ్‌లో తప్పుందనుకున్నాను. ఉపాయం చిన్నదే: మీటరు రెండు ప్రోబ్‌లనూ క్లిప్ వైరుతో కలిపి ఉంచండి, బోర్డు పడుకున్నాక వైరు తీసి రీడింగ్ చూడండి, మళ్లీ లేచేలోపు పెట్టేయండి.

కరెంటు కొలిచే ఐఎన్ఏ219 మాడ్యూల్ పెట్టమని చాలామంది చెప్తారు. దాని 0.1 ఓమ్ షంట్‌తో (కొలత కోసం పెట్టిన రెసిస్టర్) అది చూపగల ఒక్కో మెట్టు 100 మైక్రోఆంప్స్, కాబట్టి నిద్రకు అది పనికిరాదు. మేల్కొన్న 5 సెకన్లకు మాత్రం భేష్. వేరే ఆర్డుయినోతో సెకనుకు వందల సార్లు చదివించి సగటు తీయండి. మాడ్యూల్‌కు పవర్ కూడా ఆ ఆర్డుయినో నుంచే ఇవ్వండి, లేకపోతే అది తినే కరెంటు కూడా మీ సెల్ ఖాతాలో పడుతుంది.

నా దాంట్లో అసలు దొంగ బోర్డు మీది ఏఎంఎస్1117 రెగ్యులేటర్, అంటే వోల్టేజీని 3.3కు దించే చిప్. ఏ పనీ లేకున్నా సుమారు 5 మిల్లీఆంప్స్ తింటుంది. మీ 6 కూడా చాలావరకు అదే అయ్యుంటుంది. నేను ఆ బోర్డు పక్కన పెట్టి, ఉత్త ఈఎస్‌పీ-12ఎఫ్ వైఫై మాడ్యూల్‌కు చాలా తక్కువ తినే హెచ్‌టీ7833 రెగ్యులేటర్ కలిపాను. సెన్సర్‌కు కరెంటును ఆ మాడ్యూల్ పిన్ నుంచే ఇచ్చి, చదివాక ఆపేస్తున్నాను. ఇప్పుడు నిద్రలో 30 మైక్రోఆంప్స్ లోపే.

దసరా తర్వాత పెట్టిన 2600 మిల్లీఆంప్ అవర్ సెల్, కాయ ఎండి ఏనుమాముల మార్కెట్‌కు పోయేదాకా మళ్లీ చార్జింగ్ అడగలేదు. మా బాపు మాత్రం ఇప్పటికీ మట్టి పిడికిట్లో పిసికి చూశాకే నీళ్లు పెడతాడు.