రాతి కోత పని, చేతికిచ్చే జీతం: మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడికి జవాబు

తమ్ముడూ, వంటింటి బెంచ్‌టాప్‌లు (వంటగట్టు మీద పరిచే రాతి పలకలు) కోసే వర్క్‌షాప్‌లో పని దొరికిందనీ, జీతం మాత్రం బ్యాంకులో వేయకుండా చేతికే ఇస్తామంటున్నారనీ రాశారు. మీరు దుమ్ము గురించి అడిగారు, నాకు మాత్రం ఆ జీతం సంగతే ఎక్కువ భయం కలిగించింది.

2000ల మొదట్లో నేను విద్యార్థిగా వచ్చినప్పుడు సరిగ్గా ఇలాంటి పనిలోనే చేరాను. ఊళ్లో పొలం మీద తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతుంటే, పన్ను కోత లేని నగదు నాకు వరంలాగే కనిపించింది. కృత్రిమ రాతి పలకలను, అంటే రాతిపొడిని జిగురుతో కలిపి గట్టిపరిచిన పలకలను, నీళ్లు వాడకుండా గ్రైండరుతో కోసేవాళ్లం, ముఖానికి కాగితపు మాస్కు కట్టుకునేవాళ్లం, సాయంత్రం చీపురుతో ఊడ్చి, బట్టల మీది పొడిని గాలి పైపుతో ఎగరగొట్టి, అవే బట్టలతో నలుగురం ఉండే గదికి వెళ్లేవాణ్ణి. కంటికి కనిపించే పొడి గురించే జాగ్రత్తపడ్డాను గాని, ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లేది కంటికి కనిపించని సన్నని సిలికా (రాతిలో, ఇసుకలో ఉండే ఖనిజం) రేణువేనని నాకు ఎవరూ చెప్పలేదు. గ్రానైట్‌లో కంటే కృత్రిమ రాతిలో సిలికా చాలా ఎక్కువ, కొన్ని రకాల్లో 90 శాతం దాటుతుంది. సిలికోసిస్, అంటే ఈ దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, వచ్చాక ఊపిరితిత్తిలో పడిన మచ్చలను మాన్పే మందు లేదు, పైగా ఊపిరితిత్తుల క్యాన్సర్, మూత్రపిండాల జబ్బు ముప్పు కూడా పెరుగుతుంది. క్షయ సంగతి మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మన దేశంలో చాలామంది ఒంట్లో ఆ క్రిమి నిద్రాణంగా ఉంటుంది, సిలికా దాన్ని లేపగలదు.

ఆ జీతంతోనే ఫీజు కట్టాను, పొలం విడిపించాను, ఇక్కడ ఇల్లూ కొనుక్కున్నాను. అయితే చాలా ఏళ్ల తర్వాత డాక్టరు నా పాత పని వివరాలు అడిగినప్పుడు, చూపడానికి ఒక్క పే స్లిప్పు లేదు, ఆ వర్క్‌షాప్ ఎప్పుడో మూతపడింది. నా స్కానులో ఏమీ కనిపించలేదు. నాతో పనిచేసిన ఒకాయనకు మాత్రం వ్యాధి బయటపడింది. ఆయన జీతం మొదటి నుంచీ బ్యాంకులోనే పడేది కనుక, పని వల్ల వచ్చిన జబ్బని రుజువు చేసుకుని పరిహారం తెచ్చుకోగలిగారు, పిల్లల చదువు ఆగలేదు. అదే జబ్బు నాకు వచ్చి ఉంటే నా ఇల్లు అమ్ముడుపోయేది. ఈ వ్యాధి తరచూ కొన్నేళ్లు గడిచాకే బయటపడుతుంది, అప్పటికి మీ మాటకు సాక్ష్యం కాగితమే.

నిబంధనలు అధికారిక సైట్లలో ఉన్నాయి, చదువుకోండి. 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో కృత్రిమ రాతి తయారీ, సరఫరా, కోత, బిగింపు నిషేధం, ఇలా నిషేధించిన మొదటి దేశం ఇదే. కనుక మీకు చూపిన పలక ఏ రాయో ముందు అడగండి. సహజ రాయి, కాంక్రీటు, టైల్సు, ఇటుకల కోతలోనూ సిలికా దుమ్ము ఉంటుంది, గాలిలో దాని పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు. నీటితో కోత, దుమ్ము లాగే యంత్రం, ముఖానికి సరిపోతుందో లేదో పరీక్షించి ఇచ్చే మాస్కు యజమాని ఏర్పాటు చేయవలసినవే. గడ్డం ఉంటే ఆ మాస్కు అతుక్కోదు. ఆరోగ్య పరీక్షల ఖర్చూ యజమానిదే.

మీ వయసు పిల్లలకు ఈ వారం చేతికొచ్చే డబ్బే కనిపిస్తుంది, అడిగి తెలుసుకునే ఓపిక తక్కువ. మీరు అడిగారు, సంతోషం. స్టూడెంట్ వీసా ఉన్నా పరిహారపు హక్కు ఉంటుంది కనుక, రేపు వెళ్లి జీతం బ్యాంకులో వేసి పే స్లిప్పు ఇస్తారా అని అడగండి. కుదరదంటే ఆ పని వదిలేయండి, ఫీజుకు డబ్బు తక్కువైతే నాకు ఫోన్ చేయండి.